పిల్లల చేతికి ట్యాబ్ ఇచ్చే ముందు బడికి ఏం కావాలి?

ఇవాళ డైరెక్ట్‌గా ఒక లెక్కతో మొదలుపెడదాం.

ఒక్కో బడిపిల్లాడికి ఒక ఐప్యాడ్. లోపల పాఠాల సాఫ్ట్‌వేర్‌తో కలిపి ధర 768 డాలర్లు. 2013 నాటి రేటు ప్రకారం మన డబ్బుల్లో 45 వేల పైమాటే. అలాంటివి దాదాపు 6 లక్షల 50 వేల మంది పిల్లలకి ఇవ్వాలి. బడుల్లో వైఫై, వైరింగ్ ఖర్చు కూడా కలుపుకుంటే మొత్తం అంచనా 100 కోట్ల డాలర్లు. మళ్లీ చెప్తున్నా, రూపాయలు కాదు, డాలర్లు.

ఇది అమెరికాలో లాస్ ఏంజెలెస్ కథ. 2013 జూన్‌లో అక్కడి స్కూల్ బోర్డు మొదటి విడతకి 3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఓకే చేసింది. 47 బడులకి ఐప్యాడ్‌లు ఇవ్వడం మొదలుపెట్టారు. 2014 ఆగస్టుకల్లా కాంట్రాక్టు ఆగిపోయింది. అక్టోబరులో ఆ ప్లాన్‌ని ముందుండి నడిపించిన సూపరింటెండెంట్ జాన్ డేసీ రాజీనామా చేశారు. డిసెంబరులో ఎఫ్‌బీఐ వాళ్లు ఆఫీసుకొచ్చి 20 పెట్టెల కాగితాలు పట్టుకెళ్లారు. చివరికి 2017లో, ఎవరి మీదా కేసు పెట్టట్లేదని తేల్చారు. అది కూడా చెప్పడం న్యాయం.

సో, కాంట్రాక్టు గొడవ ఇవాళ్టి టాపిక్ కాదు. నాకున్న ప్రశ్న వేరు. డబ్బు ఉంది. డివైస్ మంచిదే. ఉద్దేశం ఇంకా మంచిది, డబ్బున్న పిల్లల దగ్గర ఉండేది పేద పిల్లల దగ్గర కూడా ఉండాలి అని. మరి క్లాసురూములోకి వచ్చేసరికి ఎందుకు తేలిపోయింది?

ముందు ఒక చిన్న క్లారిటీ. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన కలెక్టరు గారు ఉండే జిల్లా కాదు. ఒక ఊరికో, కొన్ని ఊళ్లకో కలిపి ప్రభుత్వ బడులు నడిపే సంస్థ అన్నమాట. చాలాచోట్ల దానికి జనం ఎన్నుకున్న బోర్డు ఉంటుంది, సొంత బడ్జెట్ ఉంటుంది, పైన సూపరింటెండెంట్ ఉంటారు. దేశం మొత్తం మీద ఇలాంటివి సుమారు 13 వేలు. వాటిలో లాస్ ఏంజెలెస్ రెండో అతి పెద్దది. టెక్నాలజీ ఏం కొనాలి, ఎప్పుడు కొనాలి అనేది అక్కడే డిసైడ్ అవుతుంది.

ఇప్పుడు విషయానికొద్దాం. అక్కడ ఎక్కడెక్కడ దెబ్బతిన్నారో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, పాఠాలు. ఐప్యాడ్‌లో పియర్సన్ కంపెనీ తయారుచేసిన డిజిటల్ పాఠాలు ఉండాలి. కానీ కొనే టైముకి ఆ పాఠాలు పూర్తిగా తయారవ్వలేదు. కొన్ని శాంపిల్ యూనిట్లు ఉన్నాయంతే. అంటే పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నారు, ఇక్కడ మాత్రం పుస్తకం రేటు కట్టేశారు. 2014లో ఒక బయటి పరిశోధన సంస్థ వెళ్లి 245 క్లాసురూములు చూసింది. ఆ పాఠాలు వాడుతున్న టీచరు ఎంతమంది కనిపించారో తెలుసా? ఒక్కరు. 245లో ఒక్కరు.

రెండోది, కీబోర్డు. నవ్వొస్తుంది గానీ నిజం. ఐప్యాడ్‌లు కొనడానికి ఒక కారణం, రాష్ట్రం కొత్తగా పెడుతున్న ఆన్‌లైన్ పరీక్షలు. ఆ పరీక్షలకి కీబోర్డు కావాలి. మొదటి ఆర్డర్‌లో కీబోర్డు లేదు. దానికి మళ్లీ వేరే ఖర్చు.

మూడోది, ఫిల్టర్. బడి ఇచ్చిన డివైస్‌లో యూట్యూబ్, ఫేస్‌బుక్ లాంటివి ఓపెన్ అవ్వకుండా బ్లాక్ చేశారు. 2013 సెప్టెంబరులో, ఐప్యాడ్‌లు చేతికొచ్చిన కొద్ది రోజులకే, 300 మందికి పైగా హైస్కూల్ పిల్లలు దాన్ని దాటేశారు. ఏదో పెద్ద హ్యాకింగ్ అనుకునేరు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రొఫైల్ డిలీట్ చేశారు, అంతే. ఇది చూస్తున్న మీలో సగం మంది రెండు నిమిషాల్లో చేసేస్తారు. దాంతో ఏమైంది? ఐప్యాడ్‌లు ఇంటికి తీసుకెళ్లడం ఆపించారు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లల కోసం మొదలుపెట్టిన పథకంలో, ఆ పిల్లలకే ఇంటి దగ్గర అది లేకుండా పోయింది.

నాలుగోది, బాధ్యత. పోతే ఎవరు కట్టాలి? పగిలితే ఎవరు కట్టాలి? ఒక బడిలో తల్లిదండ్రులే అన్నారు, ఇంకో బడిలో ఇంకోలా చెప్పారు. కూలి పనికి వెళ్లే తల్లికి 768 డాలర్ల వస్తువు ఇంట్లో ఉండటం అంటే గిఫ్ట్ కాదండీ, టెన్షన్.

ఇప్పుడు నా సాఫ్ట్‌వేర్ బుర్రతో ఒక మాట చెప్తాను. మేము ఒక చిన్న ఫీచర్ రిలీజ్ చెయ్యాలన్నా ముందు కొద్దిమందికే ఇస్తాం. ఏం విరిగిందో చూస్తాం. విరిగితే వెనక్కి తీసుకుంటాం. యాప్‌లో బటన్ రంగు మార్చడానికే ఇంత జాగ్రత్త. మరి క్లాసురూములో తప్పు జరిగితే వెనక్కి తీసుకునే బటన్ లేదు. ఏడో తరగతి పిల్లాడికి ఏడో తరగతి ఒకసారే వస్తుంది. ఆ ఏడాది పోతే పోయినట్టే. అందుకే బడిలో ప్లానింగ్ మా ఆఫీసుల్లో కన్నా గట్టిగా ఉండాలి, తక్కువగా కాదు.

సరే, బాగా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు.

నార్త్ కరోలినా రాష్ట్రంలో మూర్స్‌విల్ అని ఒక చిన్న ఊరు. అక్కడి డిస్ట్రిక్ట్‌లో పిల్లలు ఐదారు వేల మంది. డబ్బున్న డిస్ట్రిక్ట్ కూడా కాదు. ఒక్కో పిల్లాడి మీద పెట్టే ఖర్చు చూస్తే, రాష్ట్రంలో ఉన్న 115 డిస్ట్రిక్ట్‌లలో అది 100వ స్థానం. 2007లో మార్క్ ఎడ్వర్డ్స్ అనే సూపరింటెండెంట్ వచ్చారు. పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు ఇద్దామనుకున్నారు. కానీ ముందు ఇచ్చింది ఎవరికి? టీచర్లకి. వాళ్లు కొన్ని నెలలు వాడి, అలవాటు పడ్డాక పిల్లలకి విడతలుగా ఇచ్చారు. వేసవిలో ట్రైనింగ్. ఏడాది మధ్యలో కూడా కొన్ని రోజులు బడి త్వరగా వదిలేసి ట్రైనింగ్. అంటే నేర్చుకోవడానికి టీచరుకి టైము ఇచ్చారు. 'మీరే ఖాళీ టైములో నేర్చుకోండి' అని వదిలెయ్యలేదు.

డబ్బు సంగతి కూడా చూడండి. ల్యాప్‌టాప్‌లు కొనలేదు, అద్దెకి తీసుకున్నారు. వారంటీతో కలిపి ఒక్కోదానికి ఏడాదికి 215 డాలర్లు. తల్లిదండ్రుల దగ్గర ఏడాదికి 50 డాలర్లు. ఎంతో ముందే తెలుసు, పాతబడితే ఏం చెయ్యాలో ముందే తెలుసు. 2008లో 80 శాతం మంది హైస్కూల్ పూర్తిచేస్తే 2011కి అది 91 శాతం అయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 'అయితే ల్యాప్‌టాప్ ఇస్తే పాస్ అయిపోతారా?' అని అడిగితే నేను అవును అనను. అదే టైములో అక్కడ బోధన పద్ధతి మారింది, మార్కుల్ని చూసే పద్ధతి మారింది. దానికి ఒక ఖరీదు కూడా ఉంది. బడ్జెట్ సరిపెట్టడానికి 65 ఉద్యోగాలు తీసేశారు, అందులో 37 టీచర్లవి. కొన్ని క్లాసుల్లో 18 మంది ఉండేచోట 30 మంది అయ్యారు. ఈ బేరం కరెక్టేనా అనేది మీరే ఆలోచించండి. కానీ దాచకుండా, లెక్క ముందు పెట్టుకుని తీసుకున్న నిర్ణయం అది.

ఇంకో విషయం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కొనడం ఒకసారి. నడపడం ప్రతి ఏడాదీ. కోవిడ్ టైములో అమెరికా ప్రభుత్వం బడులకి మూడు విడతల్లో దాదాపు 19 వేల కోట్ల డాలర్ల సాయం ఇచ్చింది. దాంట్లోంచి చాలా డిస్ట్రిక్ట్‌లు క్రోమ్‌బుక్‌లు కొన్నాయి. 2024 సెప్టెంబరుతో ఆ సాయం గడువు ముగిసింది. డివైస్‌లు మాత్రం ముసలివవుతూనే ఉన్నాయి. బ్యాటరీ పోతుంది, కీ ఊడుతుంది, అప్‌డేట్స్ ఆగిపోతాయి. మిషన్ బాగానే ఉన్నా అప్‌డేట్ రాకపోతే పరీక్ష సాఫ్ట్‌వేర్ పనిచెయ్యకపోవచ్చు. దీని మీద గట్టిగా విమర్శలొచ్చాక, 2023 సెప్టెంబరులో గూగుల్ పదేళ్ల దాకా అప్‌డేట్స్ ఇస్తామని ప్రకటించింది. చూశారా, ఒక డిస్ట్రిక్ట్ బడ్జెట్ ఎక్కడో ఒక కంపెనీ పెట్టుకున్న తేదీ మీద ఆధారపడి ఉంది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? మన దగ్గరికే వద్దాం.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్ల టీచర్లకి కలిపి 5 లక్షలకి పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. లోపల బైజూస్ కంటెంట్. రాజకీయం పక్కన పెట్టేద్దాం, నేను ఏ పార్టీ గురించీ మాట్లాడట్లేదు. ఒక్క విషయం మాత్రం గమనించండి. టీచర్లకి కూడా ట్యాబ్ ఇవ్వడం మంచి ఆలోచన. కానీ 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు తయారవ్వకముందే కొన్నారు, ఇక్కడ పాఠాలిచ్చిన కంపెనీకే కష్టం వచ్చింది. రెండు చోట్లా ప్రశ్న ఒకటే: పాఠం ఎవరి చేతిలో ఉంది? కంపెనీ లేకపోయినా సిలబస్ మారినా ఆ పాఠాన్ని మార్చుకునే హక్కు, తెలివి బడికి ఉందా?

కేరళ వేరే దారిలో వెళ్లింది. 2000ల మొదట్లోనే ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టి, టీచర్లలోంచే ట్రైనర్లని తయారుచేసుకున్నారు. డబ్బు కట్టక్కర్లేని, తామే మార్చుకోగలిగే ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీదకి వెళ్లారు. 2018లో లిటిల్ కైట్స్ అని హైస్కూళ్లలో పిల్లల ఐటీ క్లబ్బులు పెట్టారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రొఫైల్ డిలీట్ చేసే తెలివి పిల్లల్లో ఎలాగూ ఉంది కదా, దాన్ని శత్రువులా చూడకుండా పనిలో పెట్టుకోవడం అన్నమాట.

సో ఫైనల్‌గా, ఇది మీ చేతిలోకి వచ్చే సందర్భం ఒకటుంది. మనలో చాలామందికి టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ ఉంది. ఉద్యోగాలొచ్చాక అందులో ఎవరో ఒకరు అంటారు, 'మన బడికి ట్యాబ్‌లో, స్మార్ట్ టీవీనో ఇద్దాంరా' అని. చాలా మంచి మాట. తప్పకుండా ఇవ్వండి. కానీ డబ్బులు పంపే ముందు బడికి వెళ్లి ఈ ఐదు అడగండి.

ఒకటి, టీచరు గారూ, దీన్ని ఏ క్లాసుకి, ఏ పాఠానికి, వారంలో ఎన్ని పీరియడ్లు వాడతారు? జవాబు 'చూద్దాం' అయితే ఆగండి.

రెండు, కరెంటు, ప్లగ్గులు, తాళం వేసే బీరువా, నెట్ ఉన్నాయా? ముప్పై ట్యాబ్‌లకి రెండు ప్లగ్ పాయింట్లుంటే ఛార్జింగ్‌కే రోజు గడిచిపోతుంది.

మూడు, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు, ఎవరి డబ్బుతో? మీ దగ్గర లక్ష ఉంటే లక్షకీ కొనెయ్యకండి. కొంత పక్కన పెట్టండి.

నాలుగు, పగిలితే పిల్లాడి ఇంటి మీద భారం పడదు కదా? ఇది నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించండి.

ఐదు, ఆరు నెలల తర్వాత మనలో ఎవరు వెళ్లి చూస్తారు? ఒక పేరు చెప్పండి. గ్రూప్‌లో అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

ఈ ఐదింటికీ జవాబులు రాకపోతే దానం మానెయ్యమని కాదు. ముప్పై బదులు రెండు కొనండి. టీచర్లకివ్వండి. ఒక టర్మ్ వాడనివ్వండి. వాళ్లే మీకు చెప్తారు, ఏం కావాలో, ఏం అక్కర్లేదో. ఒక్కోసారి వాళ్లు అడిగేది ట్యాబ్ కాకపోవచ్చు, ప్లగ్ పాయింట్లు కావచ్చు. ల్యాబ్‌కి ఒక మంచి తలుపు కావచ్చు. అది కొనిస్తే ఫొటోలో అంత అందంగా ఉండదు. పర్లేదు, కొనివ్వండి.

మీ బడికి ఎవరైనా ఇలా డివైస్‌లు ఇచ్చి ఉంటే, అవి ఇప్పుడు వాడుకలో ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా, ఒకసారి మీ పాత టీచరుకి ఫోన్ చేసి కనుక్కోండి. ఎలాగూ ఫోన్ చేసి చాన్నాళ్లయ్యుంటుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.