నీటిపై సాటివారి హక్కు

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి శుభాలు కురియుగాక!

ప్రియమైన సోదరులారా! నిలువ నీటిలో మూత్ర విసర్జన చేయరాదని దైవప్రవక్త (స) వారించారు. జనులు నీరు తెచ్చుకునే చోటును మలినపరచడం శాపకారణమని హెచ్చరించారు. ఒక్క మనిషి మాలిన్యానికే ఇంతటి హెచ్చరిక ఉంటే, మహానగరపు మురుగును, కర్మాగారాల రసాయనాలను మూసీలో కలిపి మన నల్లగొండ పల్లెల మీదికి వదలడం ఎంతటి దౌర్జన్యం! ఆ నీటితోనే ఇక్కడి రైతు వరి పండిస్తున్నాడు. వాడపల్లి వద్ద అది కృష్ణలో కలుస్తోంది.

1974 నాటి జలచట్టంలో ఇలాంటి నేరాలకు జైలుశిక్ష ఉంది. 2024 నాటి సవరణ, దానిని స్వీకరించిన రాష్ట్రాలలో, అనేక నేరాలకు జైలు బదులు 10,000 నుండి 15 లక్షల రూపాయల జరిమానాను నిర్ణయించింది. ధనవంతునికి జరిమానా వ్యాపార ఖర్చులలో ఒకటి మాత్రమే. శిక్ష నేరాన్ని ఆపాలన్నది షరీఅత్ ఉద్దేశం. కనుక కఠిన శిక్షలను చట్టబద్ధంగా కోరడం మన బాధ్యత.

జరిమానా ఖజానాకు చేరుతుంది. బాధితుని హక్కు మాత్రం అతడు క్షమించనిదే తీరదు. ప్రళయదినాన మన పుణ్యాలతో చెల్లించవలసి వస్తుంది. మన ఇంటి మురుగు ఊరి చెరువులోకి పోతున్నా ఇదే తీర్పు మనకూ వర్తిస్తుంది.

అల్లాహ్ మనల్ని నీటి అమానతును కాపాడేవారిగా చేయుగాక! ఆమీన్.