అడ్డాకుల విస్తరియు విక్రయ పన్నును

ఆదాయపు పన్నును రద్దుచేసి, కొనుగోళ్లన్నిటిపైనను దేశమంతట ఒకే విక్రయ పన్నును విధింపవలెనని అమెరికాలో కొందరు చిరకాలముగా వాదించుచున్నారు. ఆ వాదమును మన్యములోని చింతపల్లి సంతలో నిలిపి చూతము. పసుపు, రాజ్మా పండించు ఇచ్చటి రైతునకు వ్యవసాయాదాయముపై కేంద్రము పన్ను విధింపదు గనుక, ఆ రద్దువలన అతనికి ఒరుగునదేమియు లేదు. సబ్బు కొన్నపుడెల్ల భారము మాత్రము పెరుగును. లాభపడువాడు, జీతము పరిమితి దాటిన గిరిజన ఉపాధ్యాయుడు. నాగాలాండు గిరిజనులకు స్వప్రాంతాదాయముపై గల మినహాయింపు, ఏలనో, ఇతనికి లేదు.

విక్రయ పన్ను మనకు క్రొత్త కాదు. మద్యనిషేధమువలన తరిగిన రాబడిని పూడ్చుటకై రాజాజీ ప్రభుత్వము 1939లో మద్రాసు రాష్ట్రమున దానిని ప్రవేశపెట్టెను. ఈ మన్యమును అప్పుడు ఆ రాష్ట్రములోనిదే. అట్టిదే యైన వస్తుసేవల పన్ను 2017 జూలై 1న వచ్చినది.

ఇట్టి పన్నునకు ప్రాణము మినహాయింపుల పట్టిక. ఉప్పు, పచ్చి కూరగాయలు మొదటినుండియు అందున్నవి. అడవిలో అడ్డాకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో స్త్రీలు కుట్టెడి విస్తళ్లు 2018 జూలైలోను, ఎండు చింతపండు 2019 అక్టోబరులోను మాత్రమే అందు చేరినవి. అమెరికా వాదులు మినహాయింపులకు మారుగా ప్రతి కుటుంబమునకు నెలనెల కొంత పైకమిత్తుమందురు. బ్యాంకునకై కొండ దిగవలసినవారికి పట్టికయే మేలని నా తలంపు.

అయినను ఆ పట్టికలోను వింత కలదు: కాఫీ గింజ వేయింపనంతవరకు పన్ను లేదు, వేయించినచో నూటికి 5 రూపాయలు.