అగరువత్తి కాలినంతసేపు



తెలుగు పండుగనాడు చీనా కథకుని ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. మలయా గడ్డమీద మనమూ వారూ ఇరుగుపొరుగులం. సముద్రం దాటి వచ్చినవారు తమ మాటను ఎలా నిలుపుకున్నారో, ఎలా చేజార్చుకున్నారో వారిని చూసి మనం తెలుసుకోవచ్చు.

పూర్వం సింగపూరు నది ఒడ్డున చీనా కథకులు సాయంకాలం కథ చెప్పేవారు. ఎదుట ఒక అగరువత్తి వెలిగించేవారు. పని ముగించుకున్న కూలీలు చుట్టూ చేరేవారు. వత్తి కాలిపోగానే కథ ఆగేది. తలా కొంత డబ్బు ఇస్తే మరో వత్తి వెలిగేది. మన బుర్రకథకునికి తంబురా, పక్కన వంతలు తోడు. వారికి కంఠమే తోడు.

1949లో సింగపూరులో రెడిఫ్యూజన్ వచ్చింది. తీగల మీద ఇంటింటికీ ప్రసారం. చందా నెలకు 5 డాలర్లు. అందులో కాంటనీసు కథలతో పేరుపొందినవారు లీ దాయ్ సోర్. ఆ పేరుకు అర్థం 'పెద్ద వెర్రివాడు'! హొక్కియన్‌లో ఓంగ్ తో, తియోచ్యూలో ఇంగ్ చియా కెంగ్ అలాంటివారే. చదువురాని అవ్వ కూడా పాత వీరగాథలను తన ఇంటి మాటలో వినగలిగింది. చందా కట్టలేనివారు కాఫీ దుకాణాల్లో చేరి విన్నారు.

1979లో సింగపూరు ప్రభుత్వం మాండరిన్ మాట్లాడమనే ఉద్యమం ఆరంభించింది. వేర్వేరు మాటల చీనావారు ఒకరినొకరు అర్థం చేసుకోవాలన్నది ఉద్దేశం. ఆ మేలును కాదనలేము. కాని 1982 నాటికి రెడిఫ్యూజన్‌లో ఆ కథలు ఆగిపోయాయి. లీ గారు 1989లో కన్నుమూశారు. కథలు పుస్తకాల్లో భద్రంగానే ఉన్నాయి. అవ్వా మనుమడూ కలిసి వినే మాటే పోయింది.

రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ వచ్చిన మన పెద్దలు తెలుగును మూటలో తేలేదు, నోట తెచ్చారు. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడవద్దని ఎవరూ శాసించలేదు. అయినా అది మూగబోతే ఆ తప్పు ఎవరి నెత్తిన వేస్తాం? సంఘం తరగతులు పెట్టగలదు, పుస్తకాలు పంచగలదు. పడుకునేవేళ పిల్లవానికి కథ చెప్పవలసింది మాత్రం ఇంట్లోవారే.

రోజూ దీపం పెట్టి అగరువత్తి వెలిగిస్తున్నాం. అది కాలినంతసేపు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఒక్క కథ తెలుగులో చెబుదాం. మాటకు మాట తడుముకున్నా సరే, చెబుదాం.