5 లక్షల కార్డు ఉంది, పళ్ళ సెట్ మాత్రం రాదు

మీ ఇంట్లో తాతయ్యకో నానమ్మకో 70 దాటాయా? అయితే మీలో కొందరు ఈపాటికే ఆయుష్మాన్ యాప్ ఓపెన్ చేసి, ఆధార్‌తో వాళ్ళకి వయ వందన కార్డు తీసుంటారు. 2024 అక్టోబర్ 29న మొదలైంది ఇది. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. మంచి స్కీమే, నేను కాదనట్లేదు.

కానీ అదే కార్డు పట్టుకుని వెళ్ళి కట్టుడు పళ్ళు పెట్టమంటే పని జరగదు. ఈ స్కీమ్ ప్రధానంగా నడిచేది ఆస్పత్రిలో చేరిన కేసుల మీద. దవడ విరిగినా, నోటి క్యాన్సర్‌కి ఆపరేషన్ పడినా కవర్ అవుతుంది. పంటి వైద్యమేమో దాదాపు అంతా ఓపీలోనే. కుర్చీలో కూర్చోబెట్టి గంటలో పంపించేస్తారు. అంటే ఫిల్లింగ్ అయినా, పళ్ళ సెట్ అయినా మన జేబులోంచే.

"ఈ వయసులో పళ్ళెందుకు, అందానికా?" అంటారు ఇంట్లో. కాదు బాస్. పళ్ళు పోయిన మనిషి కంచం చూడండి. జొన్నరొట్టె పోయింది, పల్లీలు పోయాయి, జామకాయ పోయింది. మిగిలింది మెత్తటి అన్నం, చారు, పాలలో ముంచిన బిస్కెట్. షుగర్ ఉన్నవాళ్ళు తగ్గించాల్సినవే ఇవి! పైగా షుగర్ పెరిగితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ ఓ పట్టాన దిగదు. అది ముదిరి ఆస్పత్రిలో చేరితే మాత్రం కార్డు పనిచేస్తుంది. ఈ లెక్క నాకైతే మింగుడుపడట్లేదు.

కెనడాలోనూ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌లో దశాబ్దాలపాటు మామూలు పంటి వైద్యం లేదు. 2023 డిసెంబర్‌లో కొత్త డెంటల్ ప్లాన్‌కి అప్లికేషన్లు తెరిచినప్పుడు ముందు ఎవర్ని పిలిచారో తెలుసా? 87, ఆపైన వయసున్నవాళ్ళని! కుటుంబ ఆదాయం 90 వేల డాలర్ల లోపు ఉండాలి, వేరే డెంటల్ ఇన్సూరెన్స్ ఉండకూడదు. కట్టుడు పళ్ళు కూడా అందులో ఉన్నాయి.

మన దగ్గర అసలు లేదనీ కాదు. కేంద్ర ప్రభుత్వంలో రిటైరైనవాళ్ళకి సీజీహెచ్‌ఎస్‌లో కట్టుడు పళ్ళకి రేటు ఉంది. జీవితమంతా కూలి చేసిన ముసలాయనకి లేదు. వయ వందనలో ఒక్క పళ్ళ సెట్ ప్యాకేజీ చేర్చమని నేనడిగేది అందుకే.

అప్పటిదాకా హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రైవేటు కంటే ఖర్చు బాగా తక్కువ. సెట్ ఒక్కరోజులో రాదు, కొలతలు, ట్రయల్ అని నాలుగైదుసార్లు తిరగాలి. పొద్దున్నే ఓపీ టైమ్‌కి, తోడు మీరే వెళ్ళండి.