సైకిలుకూ దారి ఇద్దాం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల గురించి ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. నేను రోడ్డు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనలో చాలామంది సర్వీసులో చేరిన కొత్తలో సైకిలు అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోయించుకున్నవాళ్లమే. ఆ రోజుల్లో మునిసిపాలిటీకి పన్ను కట్టి సైకిలుకు రేకు బిళ్ల బిగించుకునేవాళ్లం. రాత్రి దీపం లేకపోయినా, వెనుక మరొకరిని ఎక్కించుకున్నా పోలీసు ఆపేవాడు.

ఇప్పుడు కార్లలో వెళ్లేవారు కొందరు “పన్ను కట్టని బండికి రోడ్డెందుకు?” అంటున్నారు. ఊళ్లో వీధులు ఒక్క కార్ల పన్నుతోనే పడవు. మన ఇంటిపన్ను సొమ్మూ అందులో ఉంది. సబ్బుబిళ్ల కొన్న ప్రతివాడూ సర్కారుకు పన్ను కడుతూనే ఉన్నాడు.

మన రాజమహేంద్రవరం సంగతే చూడండి. 1974లో వచ్చిన వంతెన మీద కింద రైలు, పైన రోడ్డు. ఆ రోడ్డు మీద సైకిలువాడు పక్కకు దిగుదామంటే మట్టిబాట ఉండదు, వెనుక హారను మాత్రం ఉంటుంది. తెల్లవారుజామున కడియపులంక పూల మార్కెట్టు వైపు చూడండి. అక్కడ సైకిలు తొక్కేది సరదాకు కాదు, పొట్టకూటికి.

కార్లవారి ఫిర్యాదుల్లోనూ న్యాయం ఉంది. చీకట్లో దీపం లేకుండా, ఎదురుదిశలో వచ్చే సైకిలును చూసి ఎవరికైనా గుండె జారుతుంది. చెయ్యి చూపకుండా మలుపు తిరిగితే తిట్లు తప్పవు. అందుచేత ఎడమపక్కనే వెళదాం. వెనుక ఎర్రగా మెరిసే రిఫ్లెక్టరు పెట్టించుకుందాం. దానికయ్యే ఖర్చు స్వల్పం.

అయితే ఇద్దరి బాధ్యతా సమానం కాదు. సైకిలు తప్పు చేస్తే దెబ్బ సైకిలువాడికే. కారు తప్పు చేసినా దెబ్బ సైకిలువాడికే! వేగం ముప్పై నుంచి అరవైకి పెరిగితే బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకే 2020లో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ సదస్సు, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో గంటకు ముప్పై కిలోమీటర్లు మించకూడదన్నది.

నిరుడు మన సభ్యుడొకరు సైకిలుపై బజారుకు వెళుతుంటే, ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. మణికట్టు విరిగింది. ఇంట్లోవాళ్లు “ఈ వయసులో సైకిలెందుకు?” అని ఆయననే కోప్పడ్డారు. తలుపు తీసినవారిని అడిగినవారు లేరు. మీ పిల్లలకు చెప్పండి: డ్రైవరు సీట్లో కూర్చున్నవారు తలుపును ఎడమచేత్తో తీస్తే ఒళ్లు దానంతటదే వెనక్కు తిరుగుతుంది, వచ్చేవాడు కనపడతాడు.

ప్రభుత్వాల మాట కూడా చెప్పాలి. కదలవలసింది మనుషులు గాని బండ్లు కావని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. 2023లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలారు కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. సంతోషమే. కాని పాలవాడూ పూలవాడూ తిరిగే వీధిలో కూడా ఒక గీత గీసి చోటు చూపాలి కదా!

ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర పథకం కింద మరణిస్తే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే యాభై వేలు పరిహారం ఉంది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు నమోదు చేయించి, కాగితాలు భద్రపరచుకొని, దరఖాస్తు పెట్టుకోవాలి.

అయ్యా, ఇది రెండు వర్గాల తగాదా కాదు. సైకిలు మీద తండ్రి, కారులో కొడుకు, ఇద్దరూ సాయంత్రానికి ఒక్క ఇంటికే చేరాలి. బజారు వీధుల్లో వేగం తగ్గించాలనీ, సైకిళ్లకు చోటు చూపాలనీ నగరపాలక సంస్థకు అర్జీ పెట్టేందుకు ఈ సభ తీర్మానించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.