మూడు పులులా, నాలుగు పులులా?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





"మేం కొనిచ్చిన కంప్యూటర్ల మీద పిల్లలు ఆటలాడుతున్నారట కదా మాస్టారూ?" అని ఆ మధ్య ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. అలా అడగడంలో తప్పేమీ లేదు. అవి మీ కష్టార్జితంతో వచ్చినవి, మా చేతిలో ఉన్న అమానత్. లెక్క చెప్పవలసింది మేమే. పిల్లలు అక్కడ వీడియో గేములు తయారు చేయడం నేర్చుకుంటున్నారు. అందుకు ఏఐ సహాయం కూడా తీసుకుంటున్నారు. దానివల్ల ఏం లాభపడ్డామో, మేము ఎక్కడ పొరబడ్డామో దాచకుండా చెబుతాం.

ముందు ఖర్చు సంగతి. మేము వాడుతున్న గోడో అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. 2014 నుంచి దాని లోపలి కోడ్ కూడా అందరికీ తెరిచి ఉంది. దానితో చేసిన ఆటను రేపు మన పిల్లలు అమ్ముకున్నా ఎవరికీ వాటా ఇవ్వనక్కరలేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పులిజూదం చేస్తానంది. వాళ్ల దాదీతో కలిసి గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడే ఆట అది. ఏఐ సహాయకుణ్ణి అడిగితే నిమిషంలో నియమాలూ, కోడూ రాసిచ్చింది. అమ్మాయి అవన్నీ కాగితం మీదికి ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లి చూపించింది. దాదీ చూసి, "ఇదెక్కడి ఆట బేటీ? నాలుగు పులులేమిటి? మన ఆటలో మూడు పులులు, పదిహేను మేకలే కదా!" అన్నారట.

మేము విచారించి చూస్తే ఆమె మాటే నిజం. ఏఐ ఇచ్చింది నేపాల్‌లో ఆడే బాగ్‌చాల్. అందులో 4 పులులు, 20 మేకలు, చదరపు పటం మీద 25 బిందువులు. మన పులిజూదంలో త్రికోణం లాంటి పటం, 23 బిందువులు. రెండూ ఒకే కుటుంబపు ఆటలు కాబట్టి ఏఐ ఒకదాన్ని మరొకటిగా పొరబడింది. పొరబడినా దాని మాటలో తడబాటు కనిపించదు. ఎంతో నమ్మకంగా చెబుతుంది. దాన్ని సరిదిద్దింది ఏనాడూ కంప్యూటర్ ముట్టని దాదీ.

రెండో చిక్కు వేరే రకం. గోడో నాలుగో వెర్షన్ 2023 మార్చిలో వచ్చింది. పటం మీద కొత్త మేకను పెట్టడానికి పాత వెర్షన్‌లో 'ఇన్‌స్టెన్స్' అని రాసేవారు, ఇప్పుడు 'ఇన్‌స్టాన్షియేట్' అని రాయాలి. ఏఐ చాలాసార్లు పాత మాటే ఇచ్చేది. ఆట కదలక పిల్లలు తలపట్టుకునేవారు. ఏ వెర్షన్ వాడుతున్నామో ప్రశ్నలోనే చెప్పాలని అప్పుడు నేర్చుకున్నాం.

మూడోది మా తప్పు. ఆ అమ్మాయికి తోడుగా పనిచేసిన పదో తరగతి అబ్బాయి, పులి మేకను దాటి దూకే భాగమంతా ఏఐ చేత రాయించాడు. తెర మీద పులి దూకింది. మేము చప్పట్లు కొట్టాం. బడి ప్రదర్శనలో ఒకాయన ఆడుతుంటే, పులి ఒక గీత మీద బయలుదేరి, మేకను దాటి, పక్క గీత మీద దిగింది. "ఇలా దూకకూడదు కదా బాబూ, ఎందుకు దూకింది?" అని అడిగాడాయన. "ఏఐ రాసింది సార్" అని అబ్బాయి తల దించుకున్నాడు. ఆ తల దించుకోవలసింది మేము. ఎలా పనిచేస్తోందని వాణ్ణి ఒక్కసారైనా మేము అడగలేదు.

మర్నాడు ముగ్గురం కూర్చున్నాం. చదరపు పటంలో పులి బయలుదేరిన చోటికీ, దిగిన చోటికీ సరిగ్గా మధ్యలో మేక ఉంటుంది. ఏఐ లెక్క ఆ పద్ధతిలోనే ఉంది. మన పటంలో గీతలు పైనుంచి విసనకర్రలా విచ్చుకుంటాయి, బిందువుల మధ్య దూరాలు సమానం కావు. ఆ సంగతి తెలిశాక పిల్లలు 23 బిందువులకూ అంకెలు వేశారు. ఎక్కడినుంచి, ఎవరి మీదుగా, ఎక్కడికి దూకవచ్చో పెన్సిల్‌తో పట్టిక రాశారు. దాదీ దగ్గర సరిచూసుకున్నారు. ఆ పట్టికను కోడ్‌లోకి మార్చడానికి మళ్లీ ఏఐ సహాయమే తీసుకున్నారు. ఈసారి ప్రతి వరుసా వాళ్లకు అర్థమైంది.

అప్పటినుంచి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ముందు కాగితం మీద ఆలోచన, తర్వాతే ఏఐ. ఒకసారికి ఒక చిన్న ప్రశ్న. వచ్చిన జవాబును పక్కవాడికి తెలుగులో వివరించగలిగితేనే ఆటలో పెట్టాలి. ఏఐ రాసిన భాగమేదో పుస్తకంలో నిజాయితీగా రాసుకోవాలి. స్టీమ్ అనే పెద్ద గేముల అంగడి కూడా, ఆటలోని బొమ్మలో సంగీతమో ఏఐతో చేసినవైతే ఆ మాట ప్రకటించాలని 2024 నుంచి అడుగుతోంది. ఇక వయసు సంగతి. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండాలి, 18 లోపువారికి పెద్దల అనుమతి కావాలి. అందుకే చిన్నపిల్లల ప్రశ్నలను మేమే అడిగి పెడుతున్నాం. పేరు, ఫోన్ నంబరు, ఇంటి సంగతులు ఎవరూ అందులో రాయకూడదు.

దాతలకు ఒక్క విన్నపం. ఈసారి మేము కొత్త కంప్యూటర్లు అడగడం లేదు. పిల్లవాడి పక్కన కూర్చుని "ఇది ఎందుకిలా?" అని అడిగే మనిషి కావాలి. మీ ఇంట్లో కంప్యూటర్ చదివిన అబ్బాయో అమ్మాయో ఉంటే వారానికి ఒక గంట పంపండి. పాత ఆటలు తెలిసిన దాదీలు, నానీలు ఉంటే వారినీ తీసుకురండి. వారికి కుర్చీ వేస్తాం, చాయ్ ఇస్తాం.

పులిజూదం ఇప్పుడు సరిగ్గా ఆడుతోంది. సభ అయ్యాక పక్కగదిలో ఆడి చూడండి. తప్పు కనిపిస్తే మాకు కాదు, పిల్లలకే చెప్పండి. ఈసారి వాళ్లే జవాబిస్తారు.