గోపాలపురపు రేవు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



ఇచ్ఛాపురము దాటి ఉత్తరముగా పోవువారికి బరంపురము తగులును. అక్కడినుండి తూర్పునకు సుమారు పదహారు కిలోమీటర్లు పోయినచో దారి సముద్రపుటొడ్డున ముగియును. ఆ ముగిసినచోట నున్న ఊరే గోపాలపురము. నేడది ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఆ జిల్లా మద్రాసు రాజధానిలోనిది. నేటి శ్రీకాకుళము జిల్లాలోని ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి ప్రాంతములు కూడ నాడు గంజాములోనివే. కనుక గోపాలపురము గూర్చి చెప్పుట పరాయివారి ఊరి ముచ్చట కాదు.

ఆ ఊరికి సెలవులు గడుపబోయి వచ్చినవారు చెప్పునది ఒక కథ. రేవు చరిత్ర చెప్పునది మరియొక కథ. ఈ రెండు కథలలోను ఒకే మనిషి కనబడుచుండును. అతడు తెలుగు పల్లెకారు. చిత్రమేమనగా, అతని పేరు మాత్రము రెండింటిలోను లేదు.

రేవు అనగానే ఓడ వచ్చి ఆనుకొను చోటు తలపునకు వచ్చును. గోపాలపురమున నాడు అట్టి చోటు లేదు. గాలికి చాటునిచ్చు కొండ లేదు. ఓడ దూరదగిన లోతైన ఏటిమొగ లేదు. ఉన్నదెల్ల ఇసుక ఒడ్డు, దాని ఎదుట వరుసలు కట్టి విరుగు అలలు. పైగా ఈ తూర్పుతీరమున సముద్రము ఏడాదిలో అధికకాలము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు మోయుచుండును. ఒకచోట కోసినది మరియొకచోట పూడ్చును. అట్టి ఒడ్డున రేవు పుట్టుటకు ఒక జ్వరము కారణమైనది. ఋషికుల్య సముద్రములో కలియుచోట నున్న గంజాం పట్టణము పూర్వము ఆ జిల్లాకు ముఖ్యస్థానము. 1815లో అక్కడ విషజ్వరములు వ్యాపింపగా జనము ఊరు విడిచిరి. కచ్చేరీలు తరలిపోయెను. వర్తకము మెల్లగా గోపాలపురమునకు జరిగెను.

ఓడ ఒడ్డునకు దూరముగా లంగరు వేసికొని నిలుచును. ఓడకును ఒడ్డునకును నడుమ మసూలా పడవలు తిరుగును. ఈ పడవ కట్టడము తెలిసికొనదగినది. దాని పలకలకు ఇనుపమేకు ఒక్కటియు తగిలింపరు. కొబ్బరిపీచు త్రాటితో పలకను పలకకు చేర్చి కుట్టుదురు. మేకులతో బిగించిన పడవ అలదెబ్బకు పగులును. కుట్టిన పడవ అలతోపాటు వంగి, అడుగు నేలకు తగిలినను చెదరక నిలుచును. నీరు ఊరుట మాత్రము తప్పదు. తోడిపోయుటకే ఒక మనిషి కావలెను. వెనుక చుక్కాని తెడ్డు పట్టి తండేలు నిలుచుండును. అతని చూపెల్ల అలల మీదనే. పెద్ద అలలు కొన్ని వరుసగా వచ్చి, పిమ్మట సముద్రము కొంత తెరపి ఇచ్చును. ఆ తెరపిని గుర్తించుటయే విద్య. తండేలు కేక వేయగానే అందరును ఒక్కసారి తెడ్లు వేయవలెను. ఒక్క క్షణము ముందైనను వెనుకైనను పడవ అడ్డము తిరిగి బోర్లపడును.

ఈ విద్య నేర్చినవారు వాడబలిజలు, జాలరులు. ఇంటిభాష తెలుగు. ఒడియావారు వీరిని నోలియాలని పిలుతురు. చేపల వెంబడి, పడవపని వెంబడి తీరము పట్టుకొని ఉత్తరమునకు పోయి గోపాలపురమున నిలిచిన వారు కొందరు. ఇంకను ముందుకు సాగి పూరీలో పెంటకోట అను పేట వెలయించుకొన్నవారు మరికొందరు.

రంగము పోవుట అను మాట ఈ ప్రాంతపు పెద్దల నోట వినబడని ఊరు అరుదు. గంజాం, విశాఖపట్టణము జిల్లాల పల్లెలనుండి వరికోతలకు, బియ్యపుమిల్లులకు, ఓడరేవు మోతపనికి వేలకొలది జనము బర్మాకు పోయిరి. గోదావరి మొగనున్న కోరంగి పేరిట బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. పొగఓడ వచ్చు దినమున గోపాలపురపు ఒడ్డు సంతవలె ఉండెడిది. పుట్టి బుద్ధెరిగి సముద్రము చూడని కాపుబిడ్డ మూట నెత్తిన పెట్టుకొని వణకుచు నిలిచియుండగా, పడవవాడు అతనిని భుజముల మీద మోసికొనిపోయి పడవలో దింపెడివాడు. అలల వరుసలు దాటిన పిదప ఓడ ప్రక్కన వ్రేలాడు నిచ్చెన. రెండు మూడేండ్లకు ఆ మనిషియే డబ్బు మూటతోనో, ఉత్తచేతులతోనో తిరిగివచ్చినప్పుడు మరల ఆ భుజమే అతనిని ఒడ్డు చేర్చెడిది. 1930 మే నెలలో రంగమున ఓడకూలీల సమ్మెను ఆనుకొని చెలరేగిన అల్లరులలో తెలుగు కూలీలు పలువురు ప్రాణములు కోల్పోయిరి. అట్టివారి కొరకు ఇంటివారు ఎన్ని ఓడల దినములు ఈ ఇసుకలో ఎదురుచూచిరో లెక్క కట్టినవారు లేరు.

రేవునకు మొదటి దెబ్బ రైలు కొట్టెను. 1893కును 1896కును నడుమ బెజవాడనుండి కటకము వైపు తూర్పుతీరపు రైలుమార్గము తెరువబడగా సరకులు బండ్లెక్కెను. ప్రయాణికుల మూలమున రేవు మరికొంతకాలము బ్రతికెను. 1942 మార్చిలో జపానువారు రంగము పట్టుకొనిరి. ఏప్రిల్ 6న విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు పడెను. రంగమునకు దారి మూతపడెను. ఒడ్డున కట్టిన గిడ్డంగుల మొండిగోడలు మాత్రము చాలకాలము నిలిచి, సెలవులకు వచ్చిన పిల్లలకు దాగుడుమూతల చోటులైనవి.

సెలవుల కథ రేవు మూతపడకముందే మొదలైనది. 1914లో మాగ్లియోని అను ఇటలీ దేశస్థుడు ఇక్కడ పామ్ బీచ్ హోటలు కట్టెను. 1947లో దానిని ఒబెరాయ్ వారు కొనిరి. కలకత్తా దొరలు చలికాలమున వచ్చి దినములు గడిపెడివారు. దొరలు పోయిన వెనుక కలకత్తా బెంగాలీలు, బరంపురపు ప్లీడర్లు, పర్లాకిమిడి ఉద్యోగులు కుటుంబములతో రాసాగిరి. వారు చెప్పుకొను ముచ్చట్లు ఇంచుమించు ఒక్కటే. దారిపొడవున మొగలిపొదలు, వాటి వాసన. (గంజాం మొగలిపువ్వునుండి తీయు అత్తరు దేశమంతట పేరుపొందినది.) సరుగుడు తోపులో గాలిహోరు, జీడిమామిడి పండ్లు తిని గొంతు దురదలెత్తిన పిల్లలు, సాయంకాలము దీపస్తంభమెక్కి చూచిన పడవలు, రాత్రి వంటయింటిలో వేగుచున్న చందువలు. ఈ ముచ్చట్లలో సముద్రమును ఒక పెద్ద దిగుడుబావివలె తలపోయుట కొంత నవ్వు పుట్టించును. అది ఎట్టి సముద్రమో నోలియా ఎరుగును.

గోపాలపురపు నీటికి పైన కనబడని లాగు ఉన్నది. విరిగిన అల తిరుగుచు కాళ్ళక్రింది ఇసుకను తోడుకొనిపోవును. అందుచేత స్నానమునకు దిగువారు నోలియాను వెంటబెట్టుకొని దిగుదురు. ఎన్నడును నీటిలో మోకాలు దాటి దిగని గృహిణి ఒకచేత, అయిదేండ్ల బాలుడు మరియొకచేత. “సెయ్యి వదలకండి బాబూ! అదిగో వస్తంది, ములగండి!” అని అతడు అరచును. తెలుగుదేశమునుండి వెళ్ళినవారు ఈ కేక విని తెల్లబోవుదురు. ఒడియా ఊరిలో, బెంగాలీ యాత్రికుల నడుమ, అలల హోరులో శ్రీకాకుళపు పల్లెమాట! విరుగబోవు అలక్రింద మునుగుట, విరిగిన వెనుక లేచుట, లాగునప్పుడు మడమలు నాటి నిలుచుట — తాతను పడవలో దాటించిన ఆ విద్యయే మనుమనికి ఆటగా అందినది. పూరీలో ఈ పని చేయువారు మొనదేలిన టోపీలు ధరింతురు. టోపీ మీద అంకె ఉండును. పూర్వము చెన్నపట్టణపు తెప్పలవారు అట్టి టోపీలోనే ఉత్తరములు దాచి, తడియకుండ ఓడలకు చేర్చెడివారు.

ఇండ్లలో దాచుకొన్న ఛాయాచిత్రములు తిరుగవేసినచో తల్లి ఉండును, పిల్లలు ఉందురు. నోలియాది మణికట్టో, మోచేయియో చిత్రపు అంచున తెగిపోయి ఉండును.

స్నానముల పని సెలవుల కాలపు పైసంపాదన మాత్రమే. పొట్ట నింపునది వల. తెల్లవారుజామున అలివి వలను అర్ధచంద్రముగా సముద్రములో విడిచి, రెండు కొసలు పట్టి ఇరువైపుల జట్లు లాగుదురు. కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు పడును. కొన్నిమార్లు వలనిండ నాచు తప్ప మరేమియు పడదు. దుంగలు కట్టిన తెప్పలకు బదులుగా ఇప్పుడు యంత్రము తగిలించిన ఫైబరు పడవలు వచ్చినవి. ఊరికి ఉత్తరమున కట్టిన క్రొత్త రేవులో పెద్ద ఓడలు సరాసరి గట్టునకు ఆనుకొనును. వాటికి మసూలాతో పనిలేదు. ఋషికుల్య మొగలో తాబేళ్ళు గుంపులుగా గ్రుడ్లు పెట్టుటను 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆ పరిసరములలో నవంబరునుండి మే వరకు వేటకు కట్టడి ఉన్నది. తాబేలును కాచుట మంచిదే. కాని ఏడు నెలల కట్టడి ఆ పల్లెల కడుపులకు తగులుచున్నదనుటయు నిజమే.

తుపానుల సంగతి. 1999 అక్టోబరు 17న ఒకటి గోపాలపురము వద్ద తీరము దాటెను. పండ్రెండు దినములకే పరదీపు వద్ద తాకిన మహాతుపానులో సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్ల గాలితో గోపాలపురము చెంతనే తీరము దాటెను. ఒడిశాలో సుమారు పదిలక్షల మందిని ముందే సురక్షిత స్థలములకు చేర్చుటచే ఈసారి మృతుల సంఖ్య పదులలో ఆగెను. పడవలు, వలలు, ఇండ్లు పోగొట్టుకొన్నవారు అనేకులు.

ఆ పల్లెకారుల బిడ్డలు బడిలో ఒడియా చదువుదురు. ఉద్యోగమునకు అదియే దారి, తప్పుపట్టదగినది కాదు. తెలుగు వారి నోట నిలిచినది గాని చేతివ్రాతలో నిలువలేదు. తండేలు తాత పేరును మనుమడు చెప్పగలడు, తెలుగులో వ్రాయలేడు. కడలిలో ఏ గాలి ఏ దిక్కునుండి వచ్చునో, ఏ అలకు ఏ పేరో పలుకు మాటలెన్నో ఆ నోళ్ళలోనే ఉన్నవి. వానిని కాగితము మీద పెట్టినవారు అరుదు.

ఈ గ్రంథాలయ సభ్యులలో తాతముత్తాతలు రంగము పోయివచ్చినవారు ఉందురు. వారు ఏ రేవున ఓడ ఎక్కిరో, ఏ పడవవాడు దాటించెనో ఇంటి పెద్దలకు గుర్తున్నచో నేడే అడిగి వ్రాసియుంచవలెను. రాబోవు సెలవులలో గోపాలపురము పోవువారు నీటిలో దిగకముందు, చేయి పట్టుకొనువాని పేరు అడిగి తెలిసికొని రావలెను. అట్టి కాగితములు దాచుటకు ఈ గ్రంథాలయపు బీరువాలో ఒక అర ఖాళీచేయుట కష్టము కాదు.